చైన్ కవరు మీద పేరు

"ఇక్కడ పానకాలు ఎవరండీ?"

ఆ గొంతు విని తల ఎత్తాను. స్పోకులు బిగిస్తున్న చక్రం అలా తిరుగుతూనే ఉంది. దాన్ని ఆపాలన్న సంగతి కూడా నాకు గుర్తు రాలేదు.

పట్నంబజారు మలుపులో, మా యజమాని నన్నేసాయిబు గారి సైకిలు షాపు ముందు ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుంటాయి. చీరాల నేతచీర, చేతికి గడియారం, ముక్కు మీద కోపం. పక్కన సరికొత్త లేడీస్ సైకిలు. చేలో పడి మేసిన గేదెను బందెలదొడ్డికి తోలుకొచ్చినట్టు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"నేనేనండీ," అన్నాను.

"మీరేనా?"

నన్ను కింది నుంచి పైదాకా చూసింది. మోకాలి దగ్గర చిరిగిన ఖాకీ ప్యాంటు, గ్రీజు చేతులు, చెవి మీద సుద్దముక్క. ఎస్సెల్సీ మొదటిసారి తప్పినప్పుడు కూడా నేనంత కుంగిపోలేదు.

"అయితే ఇది చదవండి," అని సైకిలు చైన్ కవరు చూపించింది.

చదివాను. నల్లటి చైన్ కవరు మీద పసుపుపచ్చ అక్షరాలు, వాటి వెనక ఎర్రరంగు నీడ, అటొక గులాబీ, ఇటొక గులాబీ. మధ్యలో నా పేరు. పానకాలు.

ఇది అరవై ఒకటో సంవత్సరం సంగతి. అప్పట్లో సైకిళ్ళు పెట్టెల్లో విడి ముక్కలుగా వచ్చేవి. మేం ఫిట్టర్లం వాటిని బిగించేవాళ్ళం. మా షాపులో ఇద్దరం ఫిట్టర్లం. రేపు ఏ చక్రమైనా వంకర తిరిగితే ఎవర్ని తిట్టాలో సాయిబు గారికి తెలియాలి కాబట్టి, బిగించినవాడు తన పేరు సుద్దతో సైకిలు మీద రాయాలి. కొన్నవాళ్ళ పేరేమో చైన్ కవరు మీద సుద్దతో రాసి పెడితే, పెయింటర్ అల్లాబక్షు వచ్చి దాన్ని రంగుతో దిద్దుతాడు. కొత్త సైకిలు మీద పేరు లేకపోతే బొట్టు పెట్టని పెళ్ళికూతుర్ని పంపినట్టే అని సాయిబు గారి నమ్మకం.

"నా సైకిలు మీద మీ పేరెందుకుందండీ?" అంది ఆ అమ్మాయి.

"పై గొట్టం లేదండీ."

"ఏంటీ?"

"మగవాళ్ళ సైకిలుకి పైన అడ్డంగా ఒక గొట్టం ఉంటుందండీ. నా పేరు దాని మీద రాస్తాను. మీది లేడీస్ సైకిలు. మా షాపుకి ఇదే మొదటిది. గొట్టం లేదు కదాని చైన్ కవరు మీద రాశాను."

"రాస్తే?"

"అల్లాబక్షు దిద్దేశాడు."

"ఆయనకి చదువు రాదా?"

"ఎందుకు రాదండీ! గుంటూరులో సగం బోర్డులు ఆయన రాసినవే. కాకపోతే ఆయన చదవడు, దిద్దుతాడు."

ఆ అమ్మాయి పెదవి కొస నవ్వు వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. నేను చూశాను. ఆ రోజు నాకు దక్కింది అదొక్కటే.

"సైకిలు కొన్నప్పుడే మా బాబాయి, పేరు రాయొద్దని మీకు చెప్పారటగా? ఆడపిల్ల పేరు బజారులో అందరూ చదవటం ఎందుకని?"

"చెప్పారండీ. మరి సైకిలు తీసుకెళ్ళేటప్పుడు ఆయన చూసుకోలేదా?"

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు," అంది. ఆ మాట చెప్పడానికి ఆమెకి కొంచెం చిన్నతనంగానే ఉంది. "మీ ఇద్దరి మతిమరుపు వల్ల పొద్దున్నుంచీ నాకేం జరిగిందో తెలుసా?"

జరిగింది ఇది. ఆ అమ్మాయి పేరు కోటేశ్వరి. రైలు గేటు అవతల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కొత్తగా చేరిన ఆపరేటరు. పాతగుంటూరులో పిన్ని గారింట్లో ఉంటోంది. ఆ పొద్దున మొదటిసారిగా సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఎక్స్ఛేంజి సైకిలు స్టాండులో పెట్టింది. స్టాండు చూసే జక్రయ్య ఖాళీగా ఉన్నాడు కాబట్టి చైన్ కవరు మీద పేరు అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు. "మీ ఆయనా అమ్మా?" అన్నాడు. కాదంది. "మరెవరు?" అన్నాడు. పానకాలు ఎవరో ఆమెకి మాత్రం ఏం తెలుసు? నోరు మెదపకుండా నిలబడింది.

"అంతే! 'తప్పయిపోయింది తల్లీ, మొగుడి పేరు చెప్పమని అడగటం నాదే బుద్ధితక్కువ' అని లెంపలేసుకున్నాడండీ ఆయన. మధ్యాన్నానికి ఎక్స్ఛేంజి అంతా పాకింది. పెళ్ళెప్పుడయింది, స్వీట్లేవి అని ఒకటే గోల. కాదంటుంటే సిగ్గనుకుంటున్నారు. కోప్పడితే ఇంకా నవ్వుతున్నారు."

నాకు కూడా నవ్వొచ్చింది. వచ్చిన నవ్వును దగ్గులోకి మార్చాను.

"నవ్వండి, నవ్వండి పానకాలు గారూ! శివరాత్రికి మా నాన్న వస్తాడు. అప్పుడు తెలుస్తుంది."

ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం పోయి భయం వినిపించింది. నాకు నవ్వు ఆగిపోయింది.

వాళ్ళ నాన్న గురవయ్య గారు చీరాలలో మగ్గాల మనిషి. కూతుర్ని ఉద్యోగానికి పంపడం ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. ఏడ్చి, అన్నం మానేసి ఒప్పించింది. ఒప్పుకుంటూ ఆయన రెండు షరతులు పెట్టాడు. దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాలి. ఆమె గురించి ఒక్క మాట కూడా ఎవరి నోటా పడకూడదు. రిక్షావాడు ఒకరోజు వచ్చి రెండు రోజులు రాడు కాబట్టి సైకిలు. శివరాత్రి ముందు రోజు ఆయన స్వయంగా వచ్చి చూస్తాడు. నచ్చకపోతే రాజీనామా ఇప్పించి తనతో చీరాల తీసుకుపోతాడు.

"మూడు వారాలుంది. చెరిపించండి," అంది.

అక్కడే వచ్చింది చిక్కు. అల్లాబక్షు ఆ పొద్దున్నే కోటప్పకొండ తిరునాళ్ళకి ఊరేగించే ప్రభల మీద బొమ్మలు వెయ్యడానికి వెళ్ళిపోయాడు. శివరాత్రి దాటితే గానీ తిరిగి రాడు.

సాయిబు గారు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చారు. ఆయన సంగతి విని, గడ్డం నిమురుకుని, నా నెత్తిన ఒకటి మొట్టి, ఆ తర్వాత ఆ అమ్మాయితో అన్నారు. "బాధపడబాక తల్లీ. నల్ల రంగు పూయిస్తా. ఈ రాత్రికి ఇక్కడే వదిలిపెట్టి వెళ్ళు, పొద్దునకి పేరూ ఉండదు, ఊరూ ఉండదు."

పూశాను. పూసి షాపు ముందు ఆరబెట్టాను. ఆ రాత్రే పక్క కొట్టుకి మిరపకాయల బళ్ళు వచ్చాయి. తెల్లారేసరికి చైన్ కవరు ఆవకాయ ముక్కలాగా తయారైంది. కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పచ్చి నల్లరంగు కారం దుమ్ముతో సహా ఊడొచ్చింది. కింద ఎండిపోయి ఉన్న పసుపుపచ్చ అక్షరాలు మాత్రం కడిగిన ముత్యాల్లా బయటపడ్డాయి. నిన్నటికన్నా ఎక్కువ మెరుస్తున్నాయి.

కోటేశ్వరి వచ్చి చూసింది.

"కవరు విప్పేస్తానండీ," అన్నాను.

"విప్పేస్తే చీర కుచ్చిళ్ళు చైనులో పడవా?"

"పడతాయండీ."

"పడితే నేను పడనా?"

"పడతారండీ."

"మీకు సైకిళ్ళు బిగించటం ఎవరు నేర్పారండీ?"

సాయిబు గారు మద్రాసుకి కొత్త చైన్ కవరు కోసం ఉత్తరం రాశారు. అది వచ్చేదాకా చేసేదేమీ లేదు. నా పేరు రోజూ పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం అయిదున్నరకి ఒకసారి మా షాపు ముందు నుంచే వెళ్ళేది. మా నాన్న ఆ పేరు మంగళగిరి స్వామి మీద భక్తితో పెట్టాడు. బళ్ళో పిల్లలు ఏడిపించినప్పుడల్లా ఎందుకు పెట్టావని ఆయన్ని తిట్టుకునేవాణ్ణి. ఆ నెలలో మాత్రం మనసులోనే దణ్ణం పెట్టాను.

కొత్త సైకిలు వారానికి ఒకసారి తెచ్చి స్పోకులు బిగించుకోవాలి. మొదటి వారం వచ్చినప్పుడు ఆమె ఇంకా కోపంగానే ఉంది. బెంచీ మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తోంది.

చీర చక్రంలో పడకుండా లేడీస్ సైకిలు వెనక మడ్‌గార్డుకి దారాల వల ఉంటుంది. అందులో ఒక దారం తెగింది. ఒక చేత్తో చక్రం పట్టుకుని, రెండో చేతి వేళ్ళతోనే ఆ దారం కొసలు కలిపి ముడేశాను.

"మీరు మగ్గాల వాళ్ళా?"

తలెత్తాను. ఆమె రోడ్డు వైపు చూడటం లేదు. నా వేళ్ళ వైపు చూస్తోంది.

"ఎలా కనిపెట్టారండీ?"

"ఒంటిచేత్తో ఆ ముడి ఇంకెవరేస్తారు? మా ఇంట్లో మా అమ్మ వేస్తుంది, మా నాన్న వేస్తాడు. నేనూ వేస్తా. ఎక్కడ మీది?"

"మంగళగిరండీ. రెండు మగ్గాలు, ముగ్గురు అన్నదమ్ములం. ఒకడు బయటికి రావాలి కదా. నేనొచ్చాను."

"బాధ లేదా?"

ఆ మాట ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. "ఉండేదండీ మొదట్లో. అయితే చక్రం బిగించటం కూడా మగ్గం మీద పడుగు దారాలు సరిచేసినట్టే. వెనక చక్రానికి నలభై స్పోకులు. ఒక్కటి వదులైతే మిగతా ముప్ఫైతొమ్మిదీ చెడతాయి. వేలితో మీటి చూస్తే తెలిసిపోద్ది."

"ఏదీ, మీటండి."

మీటాను. ఆమె కూడా వంగి ఒకటి మీటింది. "ఇది వదులు," అంది. నిజంగానే అది వదులుగా ఉంది. ఆ క్షణాన నా పని అయిపోయిందని నాకు తెలిసింది. ఎక్స్ఛేంజి వాళ్ళ పుకారు నిజమైతే ఎంత బాగుండునని అప్పుడే మొదటిసారి అనుకున్నాను.

రెండో వారం ఆమె మోచేయి గీరుకుపోయి వచ్చింది.

"ఏమైందండీ?"

"మీ గుంటూరే అయింది! మిరపకాయల బండి పక్కనుంచి వెళ్తుంటే తుమ్ము. ఒకటా, రెండా? తుమ్మితే కళ్ళు మూసుకుంటాయి కదా. కళ్ళు తెరిచేసరికి పత్తి బోరేల మీద ఉన్నాను."

"పత్తి మీదే పడ్డారు కాబట్టి సరిపోయింది."

"పత్తి మీద పడ్డా, మోచెయ్యి బండి చక్రానికి తగిలింది."

"పమిట కొంగు కొంచెం తడిపి ముక్కుకి అడ్డంగా కట్టుకోండి. బళ్ళవాళ్ళు అట్లాగే కట్టుకుంటారు."

"దొంగలాగానా? సరే, మంచిదే. మీ పేరు తగిలించుకుని, మొహానికి ముసుగేసుకుని తిరుగుతాను. ఇంక నన్నెవరూ గుర్తుపట్టరు."

ఇద్దరం నవ్వాం. గల్లా దగ్గర సాయిబు గారు పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు తలకిందులుగా ఉంది.

ఇక నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మా ఎదురుగా పత్తి కమీషన్ కొట్లో టెలిఫోను ఉంది. అక్కడి గుమాస్తా బుల్లయ్య నా స్నేహితుడు. ఒక మధ్యాహ్నం షావుకారు భోజనానికి వెళ్ళగానే వెళ్ళి, "ఒరేయ్, ఒక్కసారి ఫోనెత్తనివ్వరా," అన్నాను.

"ఎవరితో మాట్లాడతావురా?"

"ఎవరితోనూ కాదు."

వాడికి అర్థమైపోయింది. వెధవ, నవ్వుతూ పక్కకి జరిగాడు. నేను రిసీవరు ఎత్తాను.

"నంబర్ ప్లీజ్," అంది అవతలి గొంతు. అదే గొంతు. నా అదృష్టం.

నాకు ఏ నంబరూ తెలియదు. "మీ వెనక చక్రంలో గాలి తక్కువగా ఉందండీ. పొద్దున వెళ్తుంటే చూశాను," అన్నాను.

ఆ గొంతు చాలా మెల్లగా, "గాలి సాయంత్రం కొట్టించుకుంటాను. లైను వదలండి, సూపర్వైజరు వస్తోంది," అంది. మళ్ళీ ఇంకా మెల్లగా, "గాలి ఒక్కటే చూశారా?" అంది.

నేను జవాబు చెప్పేలోగా లైను పోయింది. ఆ జవాబు ఇరవైసార్లు మనసులో చెప్పుకున్నాను. సాయంత్రం ఆమె వచ్చినప్పుడు మాత్రం గాలి కొట్టి పంపాను, అంతే.

శివరాత్రి ఇంకా అయిదు రోజులుందనగా మద్రాసు నుంచి పార్సెల్ వచ్చింది. కొత్త చైన్ కవరు. నిగనిగలాడే నలుపు. ఎక్కడా ఒక్క అక్షరం లేదు. అంత అందవికారమైన వస్తువును నేను ఎన్నడూ చూడలేదు.

సాయంత్రం ఆమె సైకిలు ఆపి చెప్పాను. "కవరు వచ్చిందండీ. పావుగంటలో మార్చేస్తాను."

ఆమె పార్సెల్ వైపు చూసింది. "ఇవాళ పిన్ని తొందరగా రమ్మంది. రేపు."

మర్నాడు గేటు పడి ఆలస్యమైందంది. ఆ మర్నాడు తల నొప్పంది. పావుగంట పనికి మూడు రోజులు కుదరలేదు. నేను కూడా గట్టిగా అడగలేదు. అడగాల్సింది. వాళ్ళ నాన్న చూస్తే ఉద్యోగం పోతుందని నాకు తెలుసు. తెలిసి కూడా, ఇంకొక్క రోజు నా పేరు ఆమెతో వెళ్ళనీ అనుకున్నాను. ప్రేమించినవాడు అవతలి మనిషి మేలు చూస్తాడంటారు. నేను చూడలేదు. నా స్వార్థం నేను చూసుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం నాలుగింటికి ఒక పెద్దాయన షాపు ముందు ఆగాడు. పంచె, ఉత్తరీయం, చంకలో చీరల మూట. మనిషి సన్నం, చూపు సూటి.

"ఇక్కడ పానకాలు ఎవరయ్యా?"

మూడు వారాల కిందట విన్న మాటే. అదే విరుపు. ఎవరో చెప్పక్కర్లేకపోయింది.

ఇక్కడి బట్టల షావుకారుకి చీరలు ఇవ్వాల్సి వచ్చి గురవయ్య గారు ఒకరోజు ముందే గుంటూరులో దిగారు. కూతుర్ని చూద్దామని ఎక్స్ఛేంజికి వెళ్ళారు. స్టాండులో జక్రయ్యని, చీరాల అమ్మాయి సైకిలు ఏదని అడిగారు. జక్రయ్య ఎంతో గౌరవంగా చూపించి, "బంగారంలాంటి పిల్లండీ. ఇంత చదువుకున్నా మొగుడి పేరు నోటితో పలకదు," అని మెచ్చుకున్నాడు. సైకిలు వెనక రేకు మీద మా షాపు పేరుంది. ఆయన తిన్నగా ఇక్కడికే వచ్చారు.

"నేనేనండీ పానకాలు," అన్నాను.

బాబాయి గారూ అని పిలవబోయి నాలుక కరుచుకున్నాను. మగ్గాల వాళ్ళలో పెద్దవాళ్ళని అలాగే పిలుస్తాం. కానీ ఆయన బాబాయి అయితే ఆమె నాకు చెల్లెలవుతుంది. మావయ్య గారూ అంటే తంతాడు. అందుకని ఊరికే నిలబడ్డాను.

"మా పిల్ల సైకిలు మీద నీ పేరేంటి?"

గొట్టం లేకపోవడం, సుద్ద, అల్లాబక్షు, కోటప్పకొండ, కారం దుమ్ము అన్నీ చెప్పాను. ఆయన అంతా విన్నాడు. వింటూ ఒక్కసారి కూడా రెప్ప వెయ్యలేదు.

"మరి ఇన్నాళ్ళూ మార్చలేకపోయావా?"

నేను నోరు తెరిచేలోగా సాయిబు గారు మూల నుంచి పార్సెల్ తెచ్చి బెంచీ మీద పెట్టారు. "అబద్ధం చెప్పటం నాకు రాదు పెద్దాయనా. కొత్త కవరు వచ్చి నాలుగు రోజులైంది. మీ అమ్మాయి మార్పించుకోలా. వీడూ మార్చలా."

నేను సాయిబు గారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"రానీ," అన్నాడు గురవయ్య గారు బెంచీ మీద కూర్చుంటూ. "ఎన్నింటికి దాటుద్ది ఇటు?"

"అయిదున్నరకండీ."

"దీపాలు పెట్టేలోగా రాకపోతే ఇంక ఈ పేరు సంగతి కూడా అడగను. మూట సర్దుకోమంటా."

అయిదున్నర అయింది. రాలేదు. రైలు గేటు పడిందని రిక్షావాళ్ళు చెప్పుకుంటున్నారు. గేటు ఇవతల మిరపకాయల బళ్ళు బజారు పొడుగునా బారులు తీరాయి. ఎద్దులు కదలవు, బళ్ళవాళ్ళు తిట్టుకుంటున్నారు. గాలంతా ఘాటు. పావు తక్కువ ఆరు. ఆయన పడమటి వైపు చూస్తున్నాడు. నేను కూడా అటే చూస్తున్నాను. సూర్యుడు జిన్నింగు మిల్లు పొగగొట్టం వెనక్కి దిగుతున్నాడు. నావల్ల ఒక పిల్ల ఉద్యోగం పోతోంది.

అప్పుడు బెల్లు వినిపించింది.

రెండు బళ్ళ మధ్య జానెడు సందులోంచి సైకిలు బయటికొచ్చింది. పమిట కొంగు ముక్కుకి కట్టి ఉంది. ఎడమ చేత్తో హ్యాండిలు, కుడి చేత్తో ఆగకుండా బెల్లు. ఒక ఎద్దు తల తిప్పింది. ఆమె ఒంగి, కొమ్ము తప్పించుకుని, బండి ముందుకు పొడుచుకొచ్చిన పోలుగర్ర పక్క నుంచి మలుపు తిరిగింది. బళ్ళవాడొకడు, "జరగండెహె, టెలిఫోనమ్మ వస్తంది!" అని అరిచాడు. వీధి దీపాలు ఇంకా వెలగలేదు.

గురవయ్య గారు లేచి నిలబడ్డాడు. కూతురు సైకిలు తొక్కుతుండగా ఆయన చూడటం అదే మొదటిసారి. ఆయన మొహంలో కోపం ఎక్కడికో పోయింది. మళ్ళీ తెచ్చుకోవడానికి కొంచెం కష్టపడ్డాడు.

తండ్రిని చూసి కోటేశ్వరి సైకిలు దిగింది. ముసుగు కిందికి లాగింది. ఆయన్ని, పార్సెల్‌ని, నన్ను వరసగా చూసింది.

"అమ్మాయ్," అన్నాడు ఆయన. "ఇది ఫిట్టరు పేరు, నాకేం కాడు అని చెప్పటానికి నీకు నోరు లేదా?"

"చెప్పాను నాన్నా. మొదటి రోజు అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలా."

"తర్వాత?"

ఆమె బ్రేకు మీద వేలు పెట్టి తీసింది. "తర్వాత... చెప్పబుద్ధి కాలా."

బజారులో అన్ని బళ్ళు, అన్ని ఎద్దులు, అంత రొద ఉంది కదా, నాకేమీ వినపడలేదు. ఆ ఒక్క మాటే వినపడింది.

"నువ్వేమంటావయ్యా?" అని ఆయన నా వైపు తిరిగాడు.

"తప్పు నాదండీ. కవరు నేనే మార్చి ఉండాల్సింది. మీరు ఇప్పుడు మార్చమంటే ఇప్పుడే మారుస్తాను. ఆమె ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి. ఆ సందులోంచి గుంటూరులో మగాళ్ళు కూడా రాలేరు." ఊపిరి పీల్చుకుని మిగతాది కూడా చెప్పేశాను. "కానీ మార్చటం నాకిష్టం లేదండీ. మీ అమ్మాయంటే నాకు ప్రాణం."

ఆయన సైకిలు దగ్గరికి వెళ్ళి వంగాడు. పేరు చూస్తాడనుకున్నాను. చూడలేదు. మడ్‌గార్డు దారాల మీద వేలు పోనిచ్చి, నేను వేసిన ముడి దగ్గర ఆగాడు. గోటితో లాగి చూశాడు. ఊడలేదు.

"ఏ ఊరు మీది?"

"మంగళగిరండీ."

"ఇంటిపేరు?"

"అందె వారండీ."

"గోత్రం?"

ఇద్దరిదీ ఒకటే గోత్రమైతే అన్నాచెల్లెళ్ళ లెక్క, ఇంక దేవుడు కూడా ఏమీ చెయ్యలేడు. చెప్పాను. ఆయన మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. కోటేశ్వరి నేల చూపులు చూస్తోంది గానీ చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

"మాది వేరే," అన్నాడాయన.

అప్పుడు వీధి దీపాలు వెలిగాయి. నిజంగానే వెలిగాయి, రోజూ వెలిగే వేళకే.

ఆయన చీరల మూట చంకలో పెట్టుకుని, సాయిబు గారికి నమస్కారం పెట్టి, రెండడుగులు వేసి ఆగాడు. "తిరునాళ్ళయ్యాక మంగళగిరి వెళ్ళి మీ వాళ్ళతో మాట్లాడతాను. ఆ పెయింటరు రాగానే ఇంటిపేరు కూడా రాయించు. ఒట్టి పానకాలు అని పెట్టుకు తిరిగితే ఎవరని అనుకుంటారు?"

సాయిబు గారు ఆ కొత్త కవరును ఇంకో లేడీస్ సైకిలు వచ్చినప్పుడు పనికొస్తుందని అటక మీద పెట్టించారు.

చైత్రంలో మాకు పెళ్ళయింది. ఆమె ఉద్యోగం మానలేదు, మా మావయ్య మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. కాకపోతే పెళ్ళయిన దగ్గర నుంచి నాకొక పెద్ద నష్టం జరిగింది. షాపు ముందు నిలబడి "పానకాలు గారూ!" అని బజారంతా వినపడేట్టు పిలిచిన గొంతు నన్ను "ఇదిగో", "మిమ్మల్నే" అనడం మొదలుపెట్టింది. ఎంత ఏడిపించినా, బతిమాలినా నా పేరు పలకదు. చదువుకున్నదానివి, ఇదేం చాదస్తమని అడిగితే, "మా అమ్మ పలకలేదు, నేనూ పలకను," అంటుంది.

ఒక ఉదయం ఇద్దరం రెండు సైకిళ్ళ మీద వెళ్తున్నాం. రైలు గేటు దగ్గర మునిసిపాలిటీ మనిషి సైకిళ్ళు ఆపి లైసెన్సు బిళ్ళలు చూస్తున్నాడు. నన్ను దాటనిచ్చి ఆమెను ఆపాడు.

"బిళ్ళ ఉందమ్మా. బండి ఎవరి పేరు మీదుంది? మీ ఆయన పేరేంటి?"

నేను ముందుకి వెళ్ళి ఆగాను. వెనక్కి తిరిగి సాయం చెయ్యకుండా చూస్తున్నాను. ఇప్పుడు పలకక ఏం చేస్తుందని నా ధీమా.

కోటేశ్వరి నా వైపు చూసింది. నా ఎత్తు ఆమెకి తెలిసిపోయింది. పెదవి కొసన ఆ పాత నవ్వు వచ్చింది, ఈసారి వెనక్కి పోలేదు. కుచ్చిళ్ళు కొంచెం పక్కకి జరిపి, చెప్పు కొసతో కాదు సుమండీ, చూపుడువేలితో, చైన్ కవరు చూపించింది.

"చదువుకోండి," అంది.